పెళ్లి ఫొటోగ్రఫీ మొదలుపెట్టాలి: సామాను, హాలు లోపల వెలుతురు, బ్యాకప్, ఒప్పందం ఎలా?

తొలిక్లిక్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోర్ట్రెయిట్లు, ప్రకృతి ఫొటోలు తీయడం అలవాటే. మాన్యువల్‌లో ఎక్స్‌పోజర్ పెట్టుకోగలను, రా ఫార్మాట్‌లో (సెన్సరు ఇచ్చిన అసలు డేటా ఉండే ఫైలు) తీసి ఎడిట్ చేసుకోగలను. ఇప్పుడు పెళ్లి ఫొటోగ్రఫీని వృత్తిగా మొదలుపెట్టాలని ఉంది. తెలిసినవాళ్లు నాలుగు నెలల్లో జరగబోయే పెళ్లికి నన్నే తీయమంటున్నారు. వేరే ఫొటోగ్రాఫర్ ఉండరు, వేడుక రాత్రిపూట హాలు లోపల.

నా దగ్గర ఉన్నవి: 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (చిన్న సైజు సెన్సరున్న) మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి (కార్డు స్లాటు ఒక్కటే), 18-55 కిట్ లెన్సు, 50 ఎంఎం ఎఫ్ 1.8, ఒక ఫ్లాష్. ఈ పెళ్లి ఒప్పుకోవచ్చా? ఏం కొనాలి, ఏం అద్దెకు తెచ్చుకోవాలి? ఫ్లాష్ వాడకం, ఫైళ్ల భద్రత, ఒప్పందం గురించి కూడా చెప్తే మేలు.


రెండోకెమెరా జవాబు:

ఒక్కరే తీసేలా అయితే ఇప్పుడే ఒప్పుకోకండి. మీకు ఫొటో తీయడం రాదని కాదు. పోర్ట్రెయిట్‌లో ఫోకస్ తప్పితే మళ్లీ నిలబెట్టి తీస్తాం. పెళ్లిలో ముఖ్యమైన ఘట్టం పది ఇరవై సెకన్లలో అయిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ముందుకొచ్చి ఫోన్ పైకెత్తుతారు, వీడియోవాళ్లు లైటు తిప్పుతారు, కార్డు నిండుతుంది. డయల్ ఎటు తిప్పాలో ఆలోచించే లోపే క్షణం పోతుంది, దాన్ని మళ్లీ చేయమని అడగలేం.

ఈ నాలుగు నెలల్లో అనుభవం ఉన్నవాళ్ల దగ్గర రెండో కెమెరాగా మూడు నాలుగు పెళ్లిళ్లకైనా వెళ్లండి. పని అడిగేటప్పుడు ఇరవైకి మించని ఫొటోల లింకు, మీ సామాను జాబితా, మీకు ఖాళీ ఉన్న తేదీలు పంపండి. మొదట్లో లైటు స్టాండు పట్టుకునే పని ఇచ్చినా వెళ్లండి, లైటు ఎక్కడ పెడుతున్నారో దగ్గర్నుంచి చూసే అవకాశం అది. వెళ్లేముందే మూడు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి: కార్డులు ఎవరివి, మీరు తీసిన ఫొటోలు మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా, పెడితే ఎన్నాళ్ల తర్వాత. ఆ పెళ్లిలో అతిథులకు మీ సొంత కార్డు ఇవ్వకండి. అది ప్రధాన ఫొటోగ్రాఫర్ తెచ్చుకున్న పని.

రెండో కెమెరా ప్రధాన ఫొటోగ్రాఫర్ భుజం పక్కన నిలబడితే ఉపయోగం లేదు, అదే ఫొటో రెండుసార్లు వస్తుంది. ఆయన దగ్గర్నుంచి వైడ్‌లో తీస్తుంటే మీరు ఎదురు వైపు నుంచి పొడుగు లెన్సుతో తల్లిదండ్రుల ముఖాలు, స్నేహితుల స్పందన తీయండి. ఆయన ఫ్రేములో మాత్రం పడకండి. మొదలయ్యే ముందు అన్ని కెమెరాల గడియారాలూ సెకన్లతో సహా ఒకటి చేయండి. లేకపోతే తర్వాత వేలాది ఫొటోలు వరుస కలవవు. మర్చిపోతే, రెండు కెమెరాల్లోనూ పడిన ఒకే క్షణం చూసి తేడా లెక్కగట్టి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కెమెరా ఫొటోల సమయం మొత్తంగా జరపొచ్చు.

ఇక సామాను. బ్రాండు గురించి తల బద్దలు కొట్టుకోవద్దు. రెండు విషయాల్లో మాత్రం రాజీ వద్దు: రెండో బాడీ (లెన్సు కాక మిగతా కెమెరా), రెండు కార్డు స్లాట్లు. బాడీ ఆగిపోతే పెళ్లి ఆగదు. కార్డు పాడైతే ఆ గంట మొత్తం పోతుంది. కొనక్కర్లేదు, రెండు స్లాట్లున్న ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సరున్న) బాడీ, 24-70 ఎఫ్ 2.8 లెన్సు అద్దెకు తెచ్చుకోండి. రెండో స్లాటును 'నిండాక రెండోదానికి' అని కాక, 'రెండిట్లోనూ ఒకేసారి' అని సెట్ చేయండి. కొత్త కెమెరాలో ఇది దానంతటదే ఉండకపోవచ్చు.

మీ కిట్ లెన్సు 55 దగ్గర సాధారణంగా ఎఫ్ 5.6 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). 24-70 ఎఫ్ 2.8 అంటే రెండు స్టాప్‌ల తేడా (ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెట్టింపు), నాలుగు రెట్ల వెలుతురు. కిట్ లెన్సుతో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 12800 కావలసిన చోట దీంతో 3200 సరిపోతుంది. మీ సొంత బాడీకి 50 ఎఫ్ 1.8 తగిలించి ఉంచండి. ఏపీఎస్-సీ మీద అది దాదాపు 75 ఎంఎం లాగా పనిచేస్తుంది, ముఖాలకు బాగుంటుంది. రెండు బాడీలూ భుజాన ఉంటే లెన్సు మార్చే పనే రాదు.

అద్దె సామాను కనీసం రెండు రోజుల ముందు చేతికి రావాలి. మెనూలు వేరు, జూమ్ రింగు తిరిగే దిశ కూడా వేరు కావచ్చు. బ్యాటరీలు బాడీకి మూడేసి. ఫ్లాషుకు ఏఏ సెల్స్ నాలుగేసి చొప్పున మూడు సెట్లు, రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్‌వే. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేవు, వాటితో ఫ్లాష్ మళ్లీ సిద్ధమవడం గంట గంటకీ నెమ్మదిస్తుంది.


వెలుగునీడ జవాబు:

హాలు లోపల రాత్రి పెళ్లి అంటే సగం పని వెలుతురుదే. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా.

ముందు హాలు చూసి రండి, వేడుక జరిగే గంటకే వెళ్లండి. చూడాల్సింది పైకప్పు: ఎత్తెంత, రంగేమిటి. తెల్లగా మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే ఫ్లాష్ బౌన్స్‌కి (వెలుతురు పైకప్పుకు కొట్టి కిందికి రప్పించడానికి) అంతకన్నా మంచిది లేదు. ఆరు మీటర్లు దాటినా, ముదురు చెక్క ఉన్నా, గుడ్డలు వేలాడదీసినా పైకి కొట్టిన ఫ్లాష్ మనిషి దాకా రాదు. రంగు పైకప్పు అయితే ఆ రంగు ముఖాల మీద పడుతుంది.

సెట్టింగుల్లో మొదట తేల్చుకోవలసింది షట్టర్. నిలబడ్డవాళ్లకు 1/125, నడిచేవాళ్లకు 1/250, ఫ్లాష్ లేకుండా నాట్యం తీస్తే 1/320 లేదా పైన. తర్వాత అపర్చర్. దాని తర్వాత ఐఎస్ఓ ఎంత వస్తే అంత. కొత్తవాళ్లు ఐఎస్ఓ పెంచడానికి భయపడి షట్టర్ తగ్గిస్తారు. నాయిస్‌ను ఎడిటింగ్‌లో చాలావరకు తగ్గించొచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఏమీ చేయలేం. ఐఎస్ఓ తక్కువ పెట్టి ఫొటో చీకటిగా తీసి తర్వాత రెండు స్టాప్‌లు లేపితే నాయిస్ తగ్గుతుందనుకోవడమూ పొరపాటే. 1600లో తీసి లేపింది 6400లో సరిగ్గా తీసినదానికన్నా మెరుగ్గా ఉండదు, చాలా కెమెరాల్లో నీడలు ఇంకా చెడతాయి.

అపర్చర్ పూర్తిగా తెరవాలన్న మోజు వద్దు. ఫుల్‌ఫ్రేమ్ మీద 85 ఎంఎం ఎఫ్ 1.8తో రెండు మీటర్ల దూరంలో పదునుగా ఉండే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లు. మీ ఏపీఎస్-సీ మీద 50 ఎఫ్ 1.8కి అదే దూరంలో పదకొండు, పన్నెండు. వధూవరుల్లో ఒకరు అర అడుగు వెనక్కి ఉంటే చాలు, రెండో ముఖం మసకబారుతుంది. ఇద్దరికి ఎఫ్ 2.8 నుంచి 4, రెండు మూడు వరుసల గ్రూపుకి ఎఫ్ 5.6 పెట్టుకోండి.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఫ్రేము మొత్తాన్నీ మధ్యరకం బూడిదరంగుగా ఊహించుకుంటుంది. తెల్ల దుస్తులు ఫ్రేమంతా నిండితే ఫొటో నల్లబడుతుంది, నల్ల సూట్లు నిండితే ముఖాలు తెల్లగా కాలిపోతాయి. ఆటో ఎక్స్‌పోజర్‌లో ఉంటే మొదటిదానికి ప్లస్ 0.7 నుంచి 1, రెండోదానికి మైనస్ 0.7. హాల్లో వెలుతురు మారకపోతే మాన్యువల్‌లో పెట్టి వదిలేయడమే నయం, ఎడిటింగ్‌లో వంద ఫొటోలు ఒకే దెబ్బకు సరిచేయొచ్చు.

ఫ్లాష్ విషయం. ఫ్లాష్ తల నిటారుగా పైకి పెడితే వెలుతురు నడినెత్తి మీంచి పడి కళ్ల గుంటలు నల్లగా వస్తాయి. తలను మీ వెనక్కో, పక్క గోడ వైపో, పైకి కాస్త వాల్చి తిప్పండి. అప్పుడు వెలుతురు పక్కనుంచి, పెద్ద కిటికీలోంచి వచ్చినట్టు పడుతుంది. మొదలుపెట్టడానికి ఐఎస్ఓ 1600, ఎఫ్ 4, 1/100. షట్టర్ అంత నెమ్మదిగా ఎందుకంటే వెనక హాలు దీపాలు కూడా ఫొటోలో కనిపించాలి. 1/250 పెడితే మనుషులు వెలిగి వెనకంతా చీకటి గుహలా ఉంటుంది.

ఐఎస్ఓ 100 నుంచి 1600కి వెళ్తే నాలుగు స్టాప్‌లు, అంటే ఫ్లాషుకి పదహారో వంతు శక్తి చాలు. ఇది బ్యాటరీ పొదుపు కోసం మాత్రమే కాదు. పూర్తి శక్తితో పేల్చిన ఫ్లాష్ మళ్లీ నిండడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలో అసలు ఘట్టం అయిపోతుంది. వరసగా పూర్తి శక్తితో పేలిస్తే వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది కూడా.

హాలు బల్బులు పసుపుపచ్చగా ఉంటే ఫ్లాషుకి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ పొర) తగిలించండి. ఫ్లాష్ దాదాపు 5500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు), పసుపు బల్బులు 3000 దరిదాపుల్లో. జెల్ లేకపోతే ముఖాలు మామూలుగా, వెనక హాలంతా నారింజగా వస్తుంది. సగం గాఢత ఉన్న జెల్‌తో కెమెరాను 3800 దగ్గర పెడితే వెనక కాస్త వెచ్చదనం మిగిలి చూడముచ్చటగా ఉంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ మాత్రం వద్దు, ప్రతి ఫ్రేముకీ మారిపోయి ఎడిటింగ్‌లో ఏడిపిస్తుంది.

అన్నిటికన్నా కష్టమైనది ముఖాల మీద పడే నీలం, ఊదా ఎల్‌ఈడీ. అలాంటి వెలుతురులో ఒక రంగు చానెల్ నిండిపోయి మిగతా రెండిట్లో సమాచారమే ఉండదు. వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా చర్మం రంగు రాదు. మార్గాలు మూడే: ముఖ్య ఘట్టం అయ్యేదాకా ఆ లైట్లు తెల్లగా ఉంచమని నిర్వాహకులను ముందే అడగడం, ఫ్లాషుతో దాన్ని మించడం, అదీ కుదరకపోతే నలుపు తెలుపు. మొదటిది ఎవరూ అడగరు, అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.


నిశ్చలం జవాబు:

వెలుగునీడ గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఫ్లాష్ శక్తి మాన్యువల్‌లో పెట్టాలా, టీటీఎల్‌లోనా (శక్తి ఎంతో కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) అనేది మీరు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి. కెమెరా మీద ఉన్న ఫ్లాషుతో జనంలో తిరుగుతుంటే మనిషికీ మీకూ దూరం క్షణక్షణం మారుతుంది, అక్కడ టీటీఎల్ నయం. తెల్ల దుస్తులకు ఫ్లాష్ కాంపెన్సేషన్ ప్లస్ 0.7 వేసుకోండి. స్టాండు మీద హాలు మూలల్లో పెట్టిన ఫ్లాషులు మాత్రం మాన్యువల్‌లోనే ఉండాలి, 1/16 దగ్గర మొదలుపెట్టండి. స్టాండు రెండున్నర మీటర్లకు తగ్గకుండా, కాళ్ల మీద బరువు సంచి వేసి పెట్టండి. పిల్లలు పరిగెత్తే హాల్లో బరువు లేని స్టాండు పడి ఎవరికైనా తగిలితే ఆ రోజంతా చెడుతుంది.

ఇక గ్రూపు ఫొటోలు. ఆలస్యమంతా ఇక్కడే జరుగుతుంది. పెళ్లికి వారం ముందు జాబితా రాయించుకోండి, పన్నెండు గ్రూపులకు మించకుండా. గ్రూపుకి మూడు నిమిషాలు వేసుకుంటే ముప్పై ఆరు నిమిషాలు. ఇరు వైపుల నుంచీ బంధువులందరినీ గుర్తుపట్టగల మనిషిని ఒక్కొక్కరిని అడగండి, పేర్లు పిలిచే పని వాళ్లది. మీరు పిలిస్తే ఎవరూ రారు. పెద్ద గ్రూపుతో మొదలుపెట్టి మనుషుల్ని తగ్గించుకుంటూ రండి. వయసు మళ్లినవాళ్లు ఉన్న గ్రూపులు ముందే ముగించి వాళ్లను కూర్చోనివ్వండి.

కళ్లు మూసుకోవడం గురించి ఒక లెక్క ఉంది. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకు చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ దీన్ని లెక్కగట్టారు, 2006లో ఇగ్ నోబెల్ (నవ్వించి, ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) వచ్చింది. ఇరవై మంది లోపు గ్రూపులో, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యను మూడుతోనూ, తక్కువైతే రెండుతోనూ భాగించండి. అన్ని ఫొటోలు తీస్తే అందరూ కళ్లు తెరిచి ఉన్నది ఒకటైనా దొరికే అవకాశం చాలా ఎక్కువ. హాల్లో పన్నెండు మందికి ఆరు. అంతకన్నా పెద్ద గ్రూపులకు ఈ లెక్క పనికిరాదు, ట్రైపాడ్ మీద వరసగా తీసి ఎడిటింగ్‌లో ముఖం మార్చుకోవడమే.

గ్రూపులకు 24 ఎంఎం వాడకండి, అంచుల్లో ఉన్నవాళ్లు అడ్డంగా సాగిపోతారు. వెనక్కి జరిగే చోటుంటే ఫుల్‌ఫ్రేమ్‌లో 35 నుంచి 50 మధ్య. వరుసల మధ్య తేడా అడుగుకు మించకుండా దగ్గరగా నిలబెట్టండి, ఫోకస్ ముందు వరుస మీద.


తొలిక్లిక్:

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఒంటరిగా తీయనని వాళ్లకు చెప్తాను. నిన్న హాలుకు వెళ్లి చూశాను. పైకప్పు తెల్లగానే ఉంది, ఎత్తు నాలుగు మీటర్లు ఉండొచ్చు. సైలెంట్ షట్టర్‌తో తీస్తే ఫొటోలో అడ్డంగా చీకటి పట్టీలు వచ్చాయి. కెమెరాలో లోపమా? ఫైళ్ల భద్రత గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, అదీ చెప్పగలరు.


వెలుగునీడ జవాబు:

కెమెరా బాగానే ఉంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట చాలా దీపాలు సెకనుకి వంద సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట నూట ఇరవై సార్లు వెలుగు తగ్గి పెరుగుతాయి. కంటికి కనిపించదు. సైలెంట్ షట్టర్‌లో సెన్సరు పైవరస నుంచి కిందికి ఒక్కో వరసా చదువుతుంది. ఒక వరస దీపం వెలిగిన క్షణంలో, మరోటి తగ్గిన క్షణంలో చదవడం వల్ల పట్టీలు పడతాయి. ఎడిటింగ్‌లో అవి సరిగా పోవు.

హాలు లోపల మెకానికల్ షట్టర్ వాడండి. 50 హెర్ట్జ్ చోట 1/100 లేదా 1/50, 60 హెర్ట్జ్ చోట 1/125 లేదా 1/60 పెడితే ప్రతి వరసకూ పూర్తి ఆవృతం అందుతుంది. అంతకన్నా వేగం కావాలంటే మెనూలో యాంటీ ఫ్లికర్ ఉందేమో చూడండి. అది దీపం పూర్తిగా వెలిగిన క్షణం కోసం ఆగి షట్టర్ కొడుతుంది, నొక్కినప్పుడు రవ్వంత ఆలస్యం అనిపిస్తుంది. వేదిక వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరలు ఇంకా ఎక్కువ వేగంతో మినుకుతాయి, వాటికి ఈ లెక్కలు పనిచేయవు. అవి వెలిగించాక పరీక్షగా నాలుగు వేగాల్లో తీసి, జూమ్ చేసి చూసి, పట్టీలు లేనిది ఎంచుకోండి. చాలా కెమెరాల్లో సైలెంట్ షట్టర్‌తో ఫ్లాష్ అసలు పేలదన్నది కూడా గుర్తుంచుకోండి.


మూడుకాపీలు జవాబు:

ఫైళ్ల గురించి నేను రాస్తాను. 24 మెగాపిక్సెల్ లాస్‌లెస్ కంప్రెస్డ్ (డేటా పోకుండా కుదించిన) రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ. 64 జీబీ కార్డులో రెండు వేల పైచిలుకు పడతాయి. రోజంతా మూడు వేలు తీస్తే 80, 90 జీబీ. మీ సొంత బాడీకి స్లాటు ఒక్కటే కాబట్టి దాంట్లో పెద్ద కార్డు వేయకుండా, ప్రతి ఘట్టం తర్వాత మార్చండి. ఒక కార్డు పోయినా మొత్తం పోదు.

కార్డులు ముందురోజు రాత్రే కెమెరాలో ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు. నిండిన కార్డు పెట్టెలో బోర్లా పెట్టడం అలవాటు చేసుకోండి, ఖాళీదేదో నిండిందేదో చీకట్లోనూ తెలుస్తుంది. ఆ పెట్టె జేబులో, జిప్పు వేసి ఉండాలి. బ్యాగులో వద్దు, కారులో అసలే వద్దు. పెళ్లి జరుగుతుండగా కెమెరాలో ఫొటోలు చెరపకండి, తొందరలో ఒకటి బదులు అన్నీ పోతాయి.

ఇంటికి రాగానే, ఎంత రాత్రయినా, కార్డు నుంచి రెండు వేర్వేరు డ్రైవులకు విడివిడిగా కాపీ చేయండి. మొదటి డ్రైవు నుంచి రెండోదానికి చేస్తే మొదటి కాపీలోని తప్పు రెండోదానికీ వస్తుంది. థంబ్‌నెయిల్స్ కనిపిస్తున్నాయి కదా అని నమ్మకండి. కనిపించేది రా ఫైలులో ఇమిడి ఉన్న చిన్న జేపెగ్ మాత్రమే, అసలు డేటా సగం చెడినా అది బాగానే కనిపిస్తుంది. చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో తేల్చే అంకె) సరిచూసే కాపీ సాఫ్ట్‌వేర్ వాడండి, లేదా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ పూర్తి సైజు ప్రివ్యూలు తయారుచేయించండి, చెడినవి అక్కడ బయటపడతాయి. మూడో కాపీ క్లౌడ్‌లోనో వేరే ఇంట్లోనో ఉండాలి. ఫొటోలు వాళ్లకు అందేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి.

పొరపాటున ఫార్మాట్ అయితే ఆ కార్డును వెంటనే బయటికి తీసి పక్కన పెట్టండి. మామూలు ఫార్మాట్ ఫైళ్ల జాబితాను మాత్రమే తుడుస్తుంది, డేటా అక్కడే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు తిరిగి వస్తుంది. దాని మీద కొత్తగా ఒక్క ఫొటో తీసినా ఆ మేరకు పాతది శాశ్వతంగా పోతుంది.

ఏరడం గురించి క్లుప్తంగా: మూడు వేల నుంచి ఐదారు వందలకు రావాలి. ఫొటో మెకానిక్ లాంటివి ఇమిడి ఉన్న జేపెగ్‌నే చూపిస్తాయి కాబట్టి ఏరడం చకచకా సాగుతుంది. మొదటి వడపోతలో 'ఉంచాలి' అనుకున్నవే గుర్తు పెట్టండి, తీసేయాల్సినవి వెతకకండి. సగం సమయం మిగులుతుంది. తర్వాత ఒక్కో సన్నివేశానికి ఒక ఫొటో సరిచేసి మిగతావాటికి అవే సెట్టింగులు వర్తింపజేయండి.

ఆల్బమ్ ముద్రణలో తరచూ వచ్చే ఫిర్యాదు 'ఫొటోలు నల్లగా వచ్చాయి' అని. తరచూ తప్పు ప్రింటు ల్యాబుది కాదు, మానిటరుది. వెలుగు ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేస్తే ఫొటో తెల్లగా ఉందనుకుని తగ్గిస్తాం. మానిటరు 100 నుంచి 120 నిట్స్ (వెలుగు కొలత), 6500 కెల్విన్ దగ్గర క్యాలిబ్రేట్ చేసుకోండి. 12 అంగుళాల చదరపు ఆల్బమ్‌లో రెండు పేజీలు కలిపి 24 × 12 అంగుళాలు, 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 7200 × 3600 పిక్సెళ్లు. మీ కెమెరా వెడల్పు 6000 పిక్సెళ్లు, అంటే 250 డీపీఐ వస్తుంది, సరిపోతుంది. చుట్టూ 3 మిల్లీమీటర్లు కత్తిరింపుకి వదలండి, మధ్య మడత మీద ముఖం పడనివ్వకండి.


లెక్కపత్రం జవాబు:

ఒప్పందం, ధర. తెలిసినవాళ్లే కదా అని కాగితం వదిలేయకండి. మనస్పర్థలు వచ్చేది తెలిసినవాళ్లతోనే. ఒక పేజీ చాలు, ఇవి ఉండాలి: తేదీ, చోటు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, అదనపు గంటకు ఎంత. ఎన్ని ఫొటోలు ఇస్తారు (కనీస సంఖ్య రాయండి, గరిష్ఠం కాదు), ఎన్ని వారాల్లో, ఏ రూపంలో. రా ఫైళ్లు ఇస్తారా లేదా. ఆల్బమ్‌లో మార్పులు ఎన్నిసార్లు ఉచితం, రెండుసార్లు అని రాయకపోతే అవి తెగవు. అడ్వాన్స్ ఎంత, రద్దయితే అది తిరిగి వస్తుందా, తేదీ మారితే ఏమిటి. మీరు జబ్బు పడితే మీ స్థానంలో ఎవరు వస్తారు. సామాను చెడి ఫొటోలు పోతే మీ బాధ్యత ఎంతవరకు.

కాపీరైట్ విడిగా రాయండి. కొన్ని దేశాల్లో తీసినవాళ్లది, మరికొన్నిట్లో వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లది. చట్టం ఏదైనా కాగితం మీద స్పష్టంగా ఉంటే గొడవ ఉండదు. మీ పేజీలో వాళ్ల ఫొటోలు పెట్టుకోవడానికి అనుమతి కూడా వేరే వాక్యంగా తీసుకోండి. అడిగితే ఇస్తారు. అడగకుండా పెడితే నమ్మకం పోతుంది. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల్ని అడగాలి.

ధరకి పక్కవాళ్లను చూసి అంకె వేయకండి, గంటలు లెక్కించండి. కలవడం, హాలు చూడడం 4, పెళ్లి రోజు 10, కాపీలు, సర్దుడు 2, ఏరడం 4. ఆరు వందల ఫొటోలకు ఒక్కోదానికి రెండు నిమిషాల లోపు వేసుకున్నా ఎడిటింగ్ 18. ఆల్బమ్ డిజైన్ 8, మార్పులు 3. మొత్తం 49 గంటలు. కొత్తవాళ్లు ఇందులో పదింటికే ధర వేస్తారు, ఆరు నెలల్లో అలసిపోతారు.

దీనికి సామాను అరుగుదల కలపండి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ లక్షన్నర నుంచి రెండు లక్షల క్లిక్కులకు రేట్ చేసి ఉంటుంది. పెళ్లికి మూడు వేలు ఒకే బాడీతో తీస్తే 50 నుంచి 65 పెళ్లిళ్లు. బాడీ ధరని దాంతో భాగిస్తే ఒక్కో పెళ్లికి ఎంత పోతుందో తెలుస్తుంది. ఇన్సూరెన్స్, సాఫ్ట్‌వేర్, డ్రైవులు, రెండో ఫొటోగ్రాఫర్, ప్రయాణం ఆ పైన. ఇన్సూరెన్స్‌లో సామాను దొంగతనం ఒకటి, మీ స్టాండు పడి ఎవరికైనా దెబ్బ తగిలితే వచ్చే బాధ్యత మరొకటి. రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

మొదట్లో ఉచితంగా తీయాలా అంటే, ఉచితం కన్నా తగ్గింపు ధర మంచిది. కాగితం మీద పూర్తి ధర రాసి, దాని కింద తగ్గింపు చూపించండి. వాళ్లు ఇంకొకరికి మీ గురించి చెప్పేటప్పుడు పూర్తి ధరే చెప్తారు.


రెండోకెమెరా జవాబు:

మీకు తెలిసినవాళ్లకు చెప్పేటప్పుడు 'కుదరదు' అని వదిలేయకుండా, ప్రధాన ఫొటోగ్రాఫర్‌ని మీరే వెతికిపెట్టి, రెండో కెమెరాగా మీరు వస్తానని చెప్పండి. వాళ్లకు పని సజావుగా జరుగుతుంది, మీకు ఆ పెళ్లిలో చోటూ ఉంటుంది.

ఈలోగా ఇంట్లో చేయదగ్గ సాధన ఒకటుంది. రాత్రి ఒక్క దీపం ఉంచి, ఇద్దర్ని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి నడవమనండి. కంటి ఫోకస్, కంటిన్యూయస్ ఏఎఫ్‌లో (కదిలే మనిషిని వదలకుండా పట్టే ఆటోఫోకస్) 1/250తో ఇరవై ఫ్రేములు తీసి వంద శాతం జూమ్‌లో చూడండి. పదహారైనా పదునుగా రావాలి. తర్వాత నడక మధ్యలో దీపం ఆర్పి పక్కగది దీపం వేయమనండి, మీరు కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండా ఎక్స్‌పోజర్ సర్దుకోవాలి. ఫ్లాష్ సెల్స్ మార్చడం కూడా చీకట్లోనే చేసి చూడండి, ప్లస్ మైనస్ వేలితో తడిమి తెలియాలి.

ఇంకొకటి. ఏసీ హాలు నుంచి బయటి ఉక్క గాలిలోకి ఒక్కసారిగా కెమెరా తీసుకెళ్తే లెన్సు మీద తేమ పట్టి పది పదిహేను నిమిషాలు ఏమీ కనబడదు. బయట ఫొటోలు ఉన్నాయని తెలిస్తే అరగంట ముందే ఒక బాడీని బ్యాగులో పెట్టి, జిప్పు మూసి, బయటికి పంపండి. తుడవడం పనిచేయదు, గాజు చల్లగా ఉన్నంతసేపూ మళ్లీ పడుతూనే ఉంటుంది.